నార్తాంప్టన్ నుంచి కవరు వచ్చిందా?

(రెడింగ్‌లో ఒక ఆదివారం తెలుగు కుటుంబాల కలయికలో, భోజనాల తర్వాత చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండీ. పులిహోర, గుత్తివంకాయ తిని కూర్చున్నవాళ్లకి లా పాయింట్లు చెప్పమన్నారు నిర్వాహకులు. జోలపాట పాడమన్నా ఇదే ఫలితం. (నవ్వులు) ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను. ఈ దేశం వచ్చాక ప్రైవేటు పార్కింగ్ టికెట్ ఒక్కటి కూడా పడనివాళ్లు చెయ్యెత్తండి. వెనకాల ఇద్దరు ఎత్తారు. మీకు కారుందా బాబూ? లేదంట. (నవ్వులు)

నేను సొలిసిటర్‌ని కాదు. కాగితాలు పట్టుకుని కంగారుగా వచ్చేవాళ్లకి వారాంతాల్లో కూర్చుని సాయం చేసే వాలంటీర్‌ని, అంతే. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్ వరకే. మీ కేసులో ఏదైనా మెలిక ఉంటే ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైజ్ సంస్థకి గానీ, వకీలు దగ్గరికి గానీ వెళ్లండి.

మనవాళ్లలో రెండు రకాలు చూస్తున్నాను. ఒక రకం, కవరు మీద ఎర్ర అక్షరం కనపడగానే వీసా పోతుందని భయపడి, ఎంత అడిగితే అంత కట్టేస్తారు. ఇంకో రకం, "ప్రైవేటోళ్లదేగా, ఏం పీకుతారు" అని రీసైక్లింగ్ డబ్బాలో పడేస్తారు. ఈ రెండో రకానికి వాట్సాప్‌లో ఎవరో సలహా ఇచ్చి ఉంటారు. ఆ సలహా ఒకప్పుడు కొంతవరకు నడిచింది. ఇప్పుడు నడవదు. కోర్టు క్లెయిమ్, అంటే దావా, వచ్చాక అసలే నడవదు. నార్తాంప్టన్ నుంచి వచ్చే ఆ కోర్టు కవరు గురించే ఇవాళ నేను చెప్పేది. మీ వాదన గొప్పదా కాదా అన్నది తర్వాతి సంగతి. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాదనలో ఓడిపోయినవాళ్లు కాదు, జవాబే ఇవ్వనివాళ్లు.

సరే, ముందు ఏ కాగితం ఏమిటో తేల్చుకుందాం. కౌన్సిల్ వేసేది, పోలీసులు వేసేది వేరే దారి. కౌన్సిల్‌దానికైతే ట్రైబ్యునల్ ఉంటుంది. ఇవాళ అది వదిలేద్దాం. సూపర్‌మార్కెట్, రిటైల్ పార్క్, హాస్పిటల్, ఫ్లాట్ల కింద ఉన్న పార్కింగ్ బే, ఇలాంటి చోట్ల ప్రైవేటు కంపెనీ పంపేది జరిమానా కాదు. "మా బోర్డు మీద రాసిన షరతులకి ఒప్పుకుని మీరు బండి ఆపారు, ఒప్పందం తప్పారు, కాబట్టి ఇంత ఇవ్వాలి" అని పంపే బిల్లు అది. మన ఊళ్లో అయితే మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ అతనితో అక్కడికక్కడే వాదించి తేల్చుకుంటాం. ఇక్కడ మనిషి కనపడడు, కెమెరా ఉంటుంది. ఆ కంపెనీ డీవీఎల్ఏకి, అంటే బండ్ల రికార్డులుంచే ప్రభుత్వ సంస్థకి, రెండున్నర పౌండ్లు కట్టి మీ పేరు, అడ్రసు తీసుకుంటుంది. ఏడాదికి కోటికి పైగా ఇలాంటి రికార్డులు ఈ కంపెనీలకి వెళ్తున్నాయి. కాబట్టి మిమ్మల్నే పగబట్టారని అనుకోవద్దు.

తర్వాత డెట్ కలెక్టర్ల ఉత్తరాలు మొదలవుతాయి. 100 పౌండ్లు కాస్తా 170 అవుతుంది. బెయిలిఫ్‌లు, కోర్టు, క్రెడిట్ రేటింగ్ అని పెద్ద పెద్ద మాటలుంటాయి. డెట్ కలెక్టర్‌కి ఉత్తరం రాసే అధికారం తప్ప ఇంకేమీ లేదు. మీ తలుపు తట్టి సామాను పట్టుకెళ్లడం అతని వల్ల కాదు. ఆ ఉత్తరాలు ఫైల్లో పెట్టుకోండి, టెన్షన్ పడకండి.

కానీ "లెటర్ ఆఫ్ క్లెయిమ్" అని ఒకటి వస్తుంది. అది వేరు. 2017 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అప్పుల కేసుల్లో దావా వేసే ముందు ఆ ఉత్తరం పంపి, మీకు 30 రోజులు టైమివ్వాలి. దానికి జవాబివ్వండి. వాళ్లు ఏ ఆధారంతో అడుగుతున్నారో, బోర్డుల ఫొటోలేమిటో, ఆ స్థలం యజమానితో ఏ ఒప్పందం ఉందో అడగండి. దాంతోపాటు మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారమంతా ఇమ్మని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టండి. నెలలోపు ఇవ్వాలి, ఫీజు లేదు. ఫొటోలు, టైములు, పంపిన ఉత్తరాల తేదీలు అన్నీ అందులో వస్తాయి. రేపు డిఫెన్స్, అంటే దావాకి మీ రాతపూర్వక జవాబు, రాసేటప్పుడు అదే మీ ముడిసరుకు.

ఇక అసలు కవరు. నార్తాంప్టన్‌లోని సివిల్ నేషనల్ బిజినెస్ సెంటర్ నుంచి వస్తుంది. మొదటి పేజీలో కుడివైపు పైన క్లెయిమ్ నంబరు, ఇష్యూ డేట్ ఉంటాయి. ఎడమవైపు చిన్న పెట్టెలో పార్టిక్యులర్స్ ఆఫ్ క్లెయిమ్ అని, దావా ఎందుకు వేశారో చెప్పే నాలుగైదు వాక్యాలు ఉంటాయి. అడిగే మొత్తం సాధారణంగా ఇలా పోగవుతుంది: అసలు 100, దాని మీద 70, ఏడాదికి 8 శాతం వడ్డీ, కోర్టు ఫీజు 35, లాయర్ ఖర్చని 50. అంతా కలిపి 260 దరిదాపుల్లో తేలుతుంది. ఆ పేపరు చూడగానే అందరి కళ్లూ ఆ మొత్తం మీదకే వెళ్తాయి. మీరు మాత్రం ఇష్యూ డేట్ చూడండి.

లెక్క ఇది. ఇష్యూ డేట్‌కి 5 రోజులు కలిపితే, ఆ రోజు మీకు కాగితం అందినట్టు లెక్క. మీ లెటర్‌బాక్స్‌లో నిజంగా ఎప్పుడు పడిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అక్కడి నుంచి 14 రోజుల్లో అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్, అంటే కాగితం అందిందని కోర్టుకి చెప్పే ఫారం, పెట్టాలి. అది పెడితే డిఫెన్స్‌కి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఉదాహరణకి ఇష్యూ డేట్ మార్చి 3 అనుకోండి. మార్చి 8న అందినట్టు. మార్చి 22లోపు అక్నాలెడ్జ్‌మెంట్. ఏప్రిల్ 5లోపు డిఫెన్స్. ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి. చివరి రోజు సాయంత్రం దాకా మాత్రం ఆగకండి.

అక్నాలెడ్జ్‌మెంట్ ఆన్‌లైన్‌లో, మనీ క్లెయిమ్ ఆన్‌లైన్ అనే సైట్‌లో పెట్టొచ్చు. ప్రభుత్వ గేట్‌వే లాగిన్ కావాలి, క్లెయిమ్ నంబరు, పాస్‌వర్డ్ ఆ కాగితాల్లోనే ఉంటాయి. ఇక్కడ రెండు చోట్ల మనవాళ్లు ఇరుక్కుంటున్నారు. ఒకటి, "జ్యూరిస్‌డిక్షన్‌ని సవాల్ చేస్తున్నాను" అనే గడి. గట్టిగా పోరాడుతున్నట్టు ఉంటుందని టిక్ పెట్టేస్తారు. ఈ కోర్టుకి ఈ కేసు వినే అధికారమే లేదని దాని అర్థం. అది టిక్ చేస్తే విడిగా అప్లికేషన్ వేయాలి, ఫీజు కట్టాలి. ముట్టుకోకండి. "మొత్తం క్లెయిమ్‌ని డిఫెండ్ చేస్తున్నాను" అన్నది మాత్రం టిక్ చేయండి. రెండోది, డిఫెన్స్ పెట్టె. ఆ రాత్రి ఆవేశంలో "నేను పాలు కొనడానికి పది నిమిషాలు ఆగాను, ఇది దోపిడీ" అని రాసి సబ్మిట్ కొట్టేస్తారు. అదే మీ డిఫెన్స్ అయిపోయింది. మార్చాలంటే మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఫీజు. ఆ పెట్టె ఖాళీగా వదిలేసి, డిఫెన్స్ విడిగా తీరిగ్గా రాసుకుని, సంతకం, తేదీ వేసి, పీడీఎఫ్‌గా బిజినెస్ సెంటర్‌కి ఈమెయిల్ చేయండి. సబ్జెక్ట్‌లో క్లెయిమ్ నంబరు తప్పకుండా ఉండాలి. వెంటనే ఆటోమేటిక్ జవాబు వస్తుంది, దాన్ని డిలీట్ చేయకండి.

జవాబే ఇవ్వకపోతే ఏమవుతుంది? మీ తప్పుందా లేదా అని ఏ జడ్జీ చూడరు. డిఫాల్ట్ జడ్జిమెంట్ వచ్చేస్తుంది, అదే సీసీజే, అంటే మీ పేరు మీద రిజిస్టర్‌లో పడే కౌంటీ కోర్టు తీర్పు. నెలలోపు మొత్తం కట్టేస్తే రిజిస్టర్‌లోంచి తీసేస్తారు. లేదంటే ఆరేళ్లు ఉంటుంది. మార్ట్‌గేజ్, అద్దె ఇల్లు, ఫోన్ కాంట్రాక్ట్, అన్నిచోట్లా అడ్డం పడుతుంది. ఇక వీసా సంగతి. ఇది క్రిమినల్ కేసు కాదు, అరెస్టులు గట్రా ఏమీ ఉండవు. కానీ హోమ్ ఆఫీస్ ఫారాల్లో, ఐఎల్ఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, పెట్టుకునేటప్పుడు, "మీ మీద సివిల్ కోర్టు జడ్జిమెంట్ ఏదైనా ఉందా" అనే ప్రశ్న వస్తుంది. ఉంటే ఉందని చెప్పి, వివరం రాయాలి. ఆ పార్కింగ్ గొడవ రాసుకోవడం ఎంత ఇబ్బందో, దాచిపెట్టడం అంతకంటే ప్రమాదం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఇంకోటి, అడ్రసు. మన పిల్లలు ఏడాదికో ఇల్లు మారతారు. లెస్టర్‌లో చదువు, స్లౌలో ఉద్యోగం, తర్వాత ఇంకెక్కడో. లైసెన్స్ మీద అడ్రసు మారుస్తారు, కారు లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ కాగితం) మీద మార్చరు. రెండూ వేర్వేరు రికార్డులమ్మా. పార్కింగ్ కంపెనీకి వెళ్లేది లాగ్‌బుక్ అడ్రసు. పాత ఇంట్లో ఎవరో మీ కవర్లు బల్ల మీద పోగేస్తారు, మీకు ఇల్లు కొనేటప్పుడు తెలుస్తుంది సీసీజే ఉందని. ఒక నర్సమ్మాయి విషయంలో అచ్చం ఇదే జరిగింది. మార్ట్‌గేజ్ బ్రోకర్ ఫోన్ చేసి చెప్పేదాకా ఆమెకి ఆ కేసు ఉన్నట్టే తెలియదు. అలాంటప్పుడు ఎన్244 అనే ఫారంతో జడ్జిమెంట్ రద్దు చేయమని అడగొచ్చు. కానీ దానికి ఫీజే మూడు వందల పౌండ్ల పైన. తెలిసిన వెంటనే వేయాలి, కాగితాలు పాత అడ్రసుకి వెళ్లాయని కౌన్సిల్ టాక్స్, టెనెన్సీ అగ్రిమెంట్ లాంటివి చూపించాలి.

ఇప్పుడు డిఫెన్స్‌లో ఏం రాయాలి? ముందు ఒక ఆయన కథ చెప్పాలి. ఎసెక్స్‌లో చెమ్స్‌ఫర్డ్ అనే ఊరుంది. అక్కడ రివర్‌సైడ్ రిటైల్ పార్క్‌లో రెండు గంటలు ఫ్రీ పార్కింగ్. 2013 ఏప్రిల్‌లో బ్యారీ బీవిస్ అనే ఆయన 56 నిమిషాలు ఎక్కువ ఆగారు. 85 పౌండ్లు కట్టమన్నారు. ఆయన ఫిష్ అండ్ చిప్స్ కొట్టు నడుపుకునే మనిషి. కట్టనన్నారు. ఫ్రీ పార్కింగ్‌లో గంట ఎక్కువ ఉంటే కంపెనీకి పోయిందేంటి, ఇది నష్టపరిహారం కాదు, శిక్ష అని వాదించారు. కింది కోర్టు, అప్పీల్ కోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015 నవంబర్ 4న తీర్పు. ఏడుగురు జడ్జిల్లో ఆరుగురు కంపెనీ వైపు, లార్డ్ టోల్సన్ ఒక్కరే ఆయన వైపు. కస్టమర్లకి ఖాళీలు దొరకాలంటే ఎక్కువసేపు ఆపేవాళ్లని ఆపాల్సిన అవసరం స్థలం యజమానికి ఉంది, దానికోసం 85 అడగడం అతి కాదు అన్నారు. "ప్రైవేటు టికెట్ చెల్లదు" అనే వాట్సాప్ జ్ఞానం ఆ రోజుతో చచ్చిపోయింది. ఇంకా ఫార్వర్డ్ అవుతూనే ఉంది, అది వేరే విషయం. (నవ్వులు)

అయితే ఆ తీర్పు మనకీ పనికొస్తుంది. అక్కడ బోర్డులు పెద్దవి, చాలా ఉన్నాయి, 85 అనే అంకె పెద్ద అక్షరాల్లో ఉంది. బోర్డు కనపడింది కాబట్టే ఒప్పందం కుదిరింది. మరి మీ చోట బోర్డు ఎక్కడుంది? స్తంభానికి తొమ్మిదడుగుల ఎత్తున, అక్షరాలు చీమల్లా ఉన్నాయా? రాత్రి ఎనిమిదికి బండి ఆపితే దాని మీద లైటు ఉందా? వెళ్లి ఫొటోలు తీయండి. రాత్రి జరిగిందైతే రాత్రే వెళ్లి తీయండి. మీరు కారు సీట్లో కూర్చున్న ఎత్తు నుంచి ఒకటి తీయండి. రెండేళ్ల తర్వాత బోర్డులు మారిపోతాయి, ఆ ఫొటోలు మళ్లీ దొరకవు.

రెండోది, ఆ 70 పౌండ్లు. బీవిస్ కేసులో 85 లోనే కంపెనీ నడిపే ఖర్చు, లాభం అన్నీ ఉన్నాయని తేలింది. ఉత్తరాలు పంపిన ఖర్చని మళ్లీ 70 వేయడం అదే డబ్బు రెండోసారి అడగడమేనని రాయండి. 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఇచ్చిన కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ ఈ అదనపు వడ్డింపుని నిషేధించాలని చూసింది. పరిశ్రమ కోర్టుకెక్కితే ఆ ఏడాది జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. 2025 జూలైలో మళ్లీ అభిప్రాయ సేకరణ పెట్టారు. ఈలోగా రెండు పార్కింగ్ సంఘాలు కలిసి 2024లో తమ కోడ్ తామే రాసుకున్నాయి, అందులో ఆ 70కి చోటిచ్చుకున్నాయి. దొంగ చేతికి తాళాలు అనను గానీ... (నవ్వులు) కొందరు జడ్జీలు ఆ 70 కొట్టేస్తారు, కొందరు ఇస్తారు. అడిగితేనే కొట్టేసే అవకాశం ఉంటుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, కాసేపు ఇక్కడే ఉందాం. ఒప్పందం చేసుకుంది ఎవరు? బండి నడిపిన డ్రైవర్. ఉత్తరం ఎవరికొస్తుంది? లాగ్‌బుక్‌లో పేరున్న కీపర్‌కి. మన స్టూడెంట్ ఇళ్లలో ఆరుగురు కలిసి పాత కారు ఒకటి కొంటారు. ఒకడి పేరు మీద లాగ్‌బుక్. నడిపేది ఎవరు కుదిరితే వాళ్లు. టికెట్లన్నీ ఆ ఒక్కడి నెత్తి మీదే. మరి డ్రైవర్ ఎవరో తెలియకపోతే కీపర్‌ని ఎలా అడుగుతారు? దానికోసమే 2012లో ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం తెచ్చారు. ప్రైవేటు స్థలాల్లో చక్రాలకి క్లాంపులు వేయడం ఆపేశారు, దానికి బదులుగా నాలుగో షెడ్యూల్‌లో కీపర్‌ని అడిగే హక్కు ఇచ్చారు. అయితే ఊరికే ఇవ్వలేదు, షరతులు పెట్టారు. అవి తప్పితే ఆ హక్కు పోతుంది.

కెమెరా కేసుల్లో, అద్దం మీద కాగితం అంటించకపోతే, బండి ఆపిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు కీపర్‌కి నోటీసు చేరాలి. పోస్ట్ చేసిన రెండో పనిదినానికి చేరినట్టు లెక్క. జూన్ 1న బండి ఆపితే జూన్ 15లోపు చేరాలి. నోటీసు మీద తేదీయే జూన్ 16 అని ఉంటే? కీపర్ మీదకి రాలేరు. అద్దం మీద టికెట్ అంటించిన కేసుల్లో లెక్క వేరు, 28 రోజులు దాటాక 56 రోజుల్లోపు రావాలి. నోటీసులో రాయాల్సిన మాటలు కూడా చట్టంలోనే ఉన్నాయి. ఎయిర్‌పోర్టులు, రైల్వే కార్‌పార్కులు చాలావరకు బైలాల కింద, అంటే వాటికే ఉన్న ప్రత్యేక నిబంధనల కింద, ఉంటాయి. అలాంటి స్థలానికి ఈ కీపర్ నిబంధన వర్తించదు.

అందుకే అప్పీల్లో గానీ ఫోన్లో గానీ "నేను ఆపాను, నేను వెళ్లాను" అని చెప్పేముందు నోటీసు తేదీలు చూడమంటాను. డ్రైవర్ ఎవరో చెప్పి తీరాలనే రూలు ప్రైవేటు కేసుల్లో లేదు. కానీ ఇక్కడ ఒక గీత ఉంది, జాగ్రత్తగా వినండి. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. డిఫెన్స్ చివర్లో స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్ ఉంటుంది, ఈ విషయాలు నిజమని నమ్ముతున్నానని సంతకం పెడతారు. అబద్ధమైతే కోర్టు ధిక్కారం. మీరే నడిపి, నడపలేదని రాయకండి. అలాగే ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిపోయిన బావమరిది పేరు రాసేస్తుంటారు. పాపం ఆయన విజయవాడలో హాయిగా నిద్రపోతుంటాడు, రిటైల్ పార్క్‌లో రెండున్నర గంటలు ఆగిన సంగతే ఆయనకి తెలీదు. (నవ్వులు) నవ్వకండి, దానికి జైలు దాకా వెళ్లే చట్టం ఉంది. నిజంగా వేరేవాళ్లు నడిపితే, కేసు పడకముందే వాళ్ల పేరు, అడ్రసు రాతపూర్వకంగా ఇస్తే కీపర్‌గా మీరు బయటపడొచ్చు.

ఇక పార్టిక్యులర్స్. ఆ చిన్న పెట్టెలో చాలాసార్లు "షరతులు ఉల్లంఘించారు" అని మాత్రమే ఉంటుంది. ఏ షరతు, ఎలా ఉల్లంఘించారో ఉండదు. 2023 ఆగస్టులో లూటన్ కౌంటీ కోర్టులో అప్పీల్ విన్న సర్క్యూట్ జడ్జి అలాంటి క్లెయిమ్‌ని కొట్టేశారు. కోర్టు నియమాల ప్రకారం ఏ ప్రవర్తన వల్ల ఒప్పందం తప్పిందో రాయాలి అన్నారు. ఆ తీర్పుకి మిగతా జడ్జీలు కట్టుబడాలని లేదు గానీ, విలువిచ్చేవాళ్లున్నారు. మీ కాగితంలో వివరం లేకపోతే డిఫెన్స్ మొదట్లోనే ఆ మాట పెట్టండి.

తర్వాత మీ కేసులో జరిగింది నాలుగు ముక్కల్లో రాయాలి. కెమెరా చూసేది బండి లోపలికి వచ్చిన టైము, బయటికి వెళ్లిన టైము. క్రిస్మస్ ముందు శనివారం ఖాళీ కోసం ఇరవై నిమిషాలు తిరిగితే అది పార్కింగ్ కాదు. పొద్దున పిల్లల్ని స్విమ్మింగ్‌కి దింపి వెళ్లిపోయి, సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకెళ్తే, మధ్యలో ఒక ఫొటో మిస్సయి రోజంతా అక్కడే ఉన్నట్టు చూపించిన కేసులున్నాయి. ఫోన్లో లొకేషన్ హిస్టరీ, కార్డు బిల్లు, డాష్‌కామ్, ఏదున్నా భద్రపరచండి. ఫ్లాట్లలో ఉండేవాళ్లు టెనెన్సీ అగ్రిమెంట్ తీసి చదవండి. అందులో బే మీకిచ్చి, పర్మిట్ చూపించాలన్న మాటే లేకపోతే, తర్వాత వచ్చిన పార్కింగ్ కంపెనీ బోర్డు పెట్టి ఆ హక్కు తీసేయడం అంత తేలిక కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో 2016లో ఒకావిడ తన ఫ్లాట్ గుమ్మం ముందు సామాను దించుకోవడానికి కాసేపు కారు ఆపితే టికెట్ వేశారు. అప్పీల్లో ఆమె గెలిచింది. సామాను దించుకోవడం పార్కింగ్ కాదన్నారు జడ్జి.

అన్నీ నంబర్లు వేసిన చిన్న పేరాల్లో రాయండి. కోపం, వెటకారం వద్దు. ఫొటోలు ఇప్పుడే పంపక్కర్లేదు, అవి విట్‌నెస్ స్టేట్‌మెంట్‌తో వెళ్తాయి.

డిఫెన్స్ వెళ్లాక వాళ్లు కేసు కొనసాగిస్తామంటే ఎన్180 అనే ప్రశ్నాపత్రం వస్తుంది, నింపి పంపాలి. 2024 మే 22 నుంచి ఇలాంటి చిన్న క్లెయిముల్లో మధ్యవర్తిత్వం తప్పనిసరి చేశారు. ఫ్రీ, గంట అపాయింట్‌మెంట్, ఫోన్లోనే. మధ్యవర్తి మీతో ఒకసారి, వాళ్లతో ఒకసారి విడివిడిగా మాట్లాడతారు. ఫోన్ ఎత్తాలి, ఎత్తకపోతే కోర్టు మీ మీద చర్య తీసుకోవచ్చు. రాజీ పడాలని మాత్రం లేదు. "నేనివ్వను" అని మర్యాదగా చెప్పొచ్చు. అక్కడ అన్నమాటలు జడ్జి దగ్గరికి వెళ్లవు.

ఆ తర్వాత కేసు మీ దగ్గరలోని కోర్టుకి వస్తుంది. హియరింగ్ ఫీజు కంపెనీ కట్టాలి, ఆ గడువు దగ్గరపడ్డాక కేసు వదిలేసుకునే కంపెనీలూ ఉన్నాయి. అలాగని దాని మీదే ఆశ పెట్టుకోకండి. హియరింగ్ అంటే మన సినిమాల్లో బోను, సుత్తి, "ఆర్డర్ ఆర్డర్" ఊహించుకోవద్దు. చిన్న గది, బల్లకి అటువైపు డిస్ట్రిక్ట్ జడ్జి, ఇటు మీరు, పక్కన వాళ్లు పంపిన మనిషి. "జడ్జ్" అని పిలిస్తే చాలు. ఓడిపోయినా స్మాల్ క్లెయిమ్స్‌లో అవతలివాళ్ల లాయర్ ఖర్చులన్నీ మీ మీద పడవు, మరీ మూర్ఖంగా ప్రవర్తిస్తే తప్ప. తీర్పొచ్చిన నెలలోపు కట్టేస్తే సీసీజే రికార్డూ మిగలదు. గెలిస్తే ఆ రోజు పోయిన జీతం 95 పౌండ్ల వరకు అడగొచ్చు. గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడుస్తాడు అని మన పెద్దలు చెప్పే కోర్టు ఇది కాదండీ.

అయితే ప్రతి కేసూ కొట్లాడమనట్లేదు నేను. బోర్డు స్పష్టంగా ఉంది, మూడు గంటలు ఎక్కువ ఉన్నారు, నోటీసు టైముకే వచ్చింది. అలాంటప్పుడు మొదటి 14 రోజుల్లో డిస్కౌంట్‌తో కట్టేసి నిద్రపోవడమే తెలివి. ఆ పనికి సిగ్గుపడక్కర్లేదు.

ఇప్పుడు ప్రశ్నలు.

*"మేడమ్, నేను కంపెనీకి అప్పీల్ చేశాను, కొట్టేశారు. తర్వాత పోప్లాలో కూడా ఓడిపోయాను. ఇంక కోర్టులో ఏముంటుంది?"*

చాలా ఉంటుందండీ. పోప్లా అంటే ఈ టికెట్ల మీద అప్పీళ్లు వినే బయటి సంస్థ. దాని తీర్పు కంపెనీని కట్టిపడేస్తుంది, మిమ్మల్ని కాదు. జడ్జి మొదటినుంచి చూస్తారు. ఒక్క జాగ్రత్త, ఆ అప్పీల్లో మీరేం రాశారో కాపీ తీసి చదువుకోండి. అక్కడ డ్రైవర్‌ని నేనే అని రాసి ఉంటే, ఇప్పుడు కీపర్ పాయింట్ పనికిరాదు. బోర్డులు, 70 పౌండ్లు, స్థలం యజమాని అధికారం ఇచ్చాడా లేదా, ఇవి మిగులుతాయి.

*"అక్కా, మా రూమ్మేట్ చదువైపోయి ఇండియా వెళ్లిపోయాడు. కారు నా పేరు మీదే ఉంది, టికెట్లు వాడివి. వాడికి నేనేం చెప్పను?"*

వాడికి చెప్పడం తర్వాత, ముందు టికెట్ తేదీలు చూడు నాన్నా. కోర్టు కాగితం వచ్చిందా? ఇంకా లేదు కదా. అయితే నిజంగా ఆ రోజుల్లో వాడే నడిపాడని నీకు తెలిస్తే వాడి పేరు, ఇప్పటి అడ్రసు కంపెనీకి రాసి పంపు, కాపీ ఉంచుకో. ఇండియా అడ్రసు కాబట్టి వాళ్లు ఒప్పుకోకుండా వాదించొచ్చు, అందుకని దాని మీదే ఆధారపడకు, నోటీసు 14 రోజుల్లో వచ్చిందో లేదో కూడా చూడు. ఏది ఎవరు నడిపారో నీకే గుర్తులేకపోతే ఊహించి రాయకు. కారు అమ్మేస్తే ఆ రోజే డీవీఎల్ఏకి చెప్పు.

*"మా అబ్బాయి గ్లాస్గోలో ఉంటాడు. వాడికీ ఇవే లెక్కలా?"*

కాదండీ. ఇందాక చెప్పిన 2012 చట్టంలో కీపర్ నిబంధన ఇంగ్లండ్, వేల్స్‌కే. స్కాట్లండ్‌లో టికెట్ పడితే వాళ్లు డ్రైవర్‌నే అడగాలి. అక్కడ కేసులు షెరిఫ్ కోర్టులో, సింపుల్ ప్రొసీజర్ అనే పద్ధతిలో నడుస్తాయి. ఫారాలు వేరు, గడువులు వేరు. అబ్బాయికి కోర్టు కాగితం వస్తే నేను చెప్పిన రోజుల లెక్క పట్టుకోవద్దనండి. ఆ కాగితం మీద జవాబుకి చివరి తేదీ రాసి ఉంటుంది, అదే చూసుకోమనండి. అక్కడి సిటిజన్స్ అడ్వైజ్ స్కాట్లండ్ వాళ్లని వెంటనే కలవమనండి.